పేరు కలిస్తే కూడేయొచ్చా? కోబాల్, అబాప్ లెక్కల్లో ఏ పద్ధతి ఎవరికి

ప్రోగ్రాంలో రెండు స్ట్రక్చర్లున్నాయి, అంటే కొన్ని ఫీల్డులు (పేరున్న గడులు) కలిసిన రికార్డులు. ఒకదాంట్లో ఇవాళ్టి లెక్క, రెండోదాంట్లో నెల మొత్తం. చాలా ఫీల్డుల పేర్లు రెండింట్లోనూ ఒకటే. ఇవాళ్టిది తీసుకెళ్లి నెల మొత్తంలో కలపాలి. జీతాల బిల్లు, స్టాకు రిజిస్టర్, బ్యాంకు బ్యాచ్ జాబ్, ఏది తెరిచినా ఈ పని ఎక్కడో ఒకచోట ఉంటుంది. పది ఫీల్డులకు పది లైన్లు రాయాలా, ‘పేరు కలిసినవన్నీ కూడు’ అని ఒక్క లైన్‌తో సరిపెట్టాలా, అసలీ పని డేటాబేస్‌కే వదిలేయాలా అన్నదగ్గర కోబాల్ (మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మీద నడిచే పాత ప్రోగ్రామింగ్ భాష), అబాప్ (శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ భాష) రాసేవాళ్లు చాలామంది ఆగిపోతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇవాళ్టి డేటాతో నడిపి చూస్తే ఈ పద్ధతులన్నీ ఒకే జవాబు ఇస్తాయి, కాబట్టి ఆ పరీక్షతో ఏదీ తేలదు. ఆరు నెలల తర్వాత ఎవరో ఆ స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డు చేర్చినప్పుడు, లేదా ఒక పేరు మార్చినప్పుడు, మీ ప్రోగ్రాం ఏం చేస్తుంది? ఎంపిక దాన్ని బట్టే చేసుకోవాలి.

## ముందు ఒక లెక్క పెట్టుకుందాం

మన దగ్గర అందరికీ తెలిసిన లెక్కే తీసుకుందాం: వడ్ల కొనుగోలు కేంద్రం. నల్లగొండ జిల్లాలో ఒక ఐకేపీ కేంద్రం అనుకోండి. కాంటా అయిన ప్రతి లోడుకూ ఒక రికార్డు. అందులో తేదీ, కేంద్రం కోడు, లారీ నంబరు, బస్తాలు, క్వింటాళ్లు, తేమ శాతం, మద్దతు ధర, సొమ్ము, హమాలీ అనే ఫీల్డులు ఉన్నాయి. నెల మొత్తానికి ఇంకో స్ట్రక్చర్. దాన్ని రాసినవాళ్లు బద్ధకించి రోజువారీ రికార్డునే కాపీ చేసి పైన పేరొక్కటి మార్చారు. నిజం చెప్పాలంటే అందరం చేసేది అదే.

బస్తా 40 కిలోలు. వంద బస్తాల లోడు వస్తే 40 క్వింటాళ్లు. 2024-25 సీజన్‌లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాకు 2,320 రూపాయలు, కాబట్టి సొమ్ము 92,800. ఇలాంటి లోడ్లు రెండు వస్తే బస్తాలు 200, క్వింటాళ్లు 80, సొమ్ము 1,85,600. ఇంతవరకు బాగుంది. మరి మద్దతు ధర? అదీ రెండు స్ట్రక్చర్లలో అదే పేరుతో ఉంది, అదీ అంకెలే. పేరు చూసి కూడే స్టేట్‌మెంట్‌కు ధర అంటే ఏమిటో తెలియదు. నెల రికార్డులో ధర 4,640 అని కూర్చుంటుంది. ఆ సంగతి రైతుకు తెలిస్తే సంతోషించేవాడు కానీ, మనకు తలనొప్పి.

అందుకే అన్నింటికంటే ముందు ఫీల్డులను మూడు కుప్పలు చేసుకోవాలి. మొదటిది, కూడదగినవి: బస్తాలు, క్వింటాళ్లు, సొమ్ము, హమాలీ. రెండోది, అంకెలే అయినా కూడరానివి: ధర, తేమ శాతం, తేదీ, కేంద్రం కోడు. మూడోది, ఎలాగూ అక్షరాలే అయినవి: లారీ నంబరు. గొడవలన్నీ రెండో కుప్ప దగ్గరే పుడతాయి.

తేమ శాతం సంగతి మరీ చిత్రం. వడ్లకు 17 శాతం దాకా తేమ ఒప్పుకుంటారు, కాబట్టి రెండంకెల ఫీల్డు చాలనుకుని అంతే పెట్టారనుకుందాం. లోడ్లు వరసగా 16, 17, 16, 17, 16, 17 తేమతో వచ్చాయి. ఆరు కలిపితే 99. ఏడో లోడు 16తో వస్తే 115 అవ్వాలి, ఫీల్డులో పట్టదు. కోబాల్‌లో మామూలుగా పై అంకె తెగిపోయి 15 మిగులుతుంది. పదిహేను శాతం తేమ! చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు. 99 దగ్గరే ఆగి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు.

## దేన్ని బట్టి తూకం వేయాలి

నేను చూసేవి నాలుగు. ఏ ఫీల్డు కూడాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, మనిషా, పేరా, టైపా? స్ట్రక్చర్ మారితే ఏమవుతుంది? తప్పు జరిగితే ప్రోగ్రాం గట్టిగా అరుస్తుందా, చప్పుడు లేకుండా తప్పు అంకె రాసేస్తుందా? హమాలీ ఫీల్డు ఎక్కడెక్కడ మారుతోందని వెతికితే ఆ లైను దొరుకుతుందా?

వేగం గురించి అడుగుతారు గానీ, కోబాల్‌లో అది లెక్కలోకి రాదు. కంపైలరే ఒక్క లైనును విడివిడి కూడికలుగా విప్పుకుంటుంది, నడిచేటప్పుడు పేర్లు వెతకడం ఉండదు. లక్షల రికార్డులు డేటాబేస్ నుంచి లాక్కొచ్చి ప్రోగ్రాంలో కూడుతున్నప్పుడు మాత్రం వేగం నిజంగానే ముఖ్యం. దాని సంగతి కింద వస్తుంది.

| పద్ధతి | ఏది కూడాలో తేల్చేది | రేపు కొత్త ఫీల్డు వస్తే | తప్పు బయటపడే తీరు |
|---|---|---|---|
| ఒక్కో ఫీల్డుకు ఒక్కో లైను | ప్రోగ్రామర్ | మీరు రాసేదాకా కలవదు | కోడు చదివితే కళ్లకు కనిపిస్తుంది |
| కోబాల్ యాడ్ కరెస్పాండింగ్ | పేరు, అంకెల టైపు | రెండు వైపులా ఉంటే తనంతట తానే కలుస్తుంది | చప్పుడు ఉండదు. ఆన్ సైజ్ ఎర్రర్ (అంకె ఫీల్డులో పట్టకపోతే నడిచే భాగం) పెడితే కొంత తెలుస్తుంది |
| అబాప్ యాడ్-కరెస్పాండింగ్ | పేరు మాత్రమే | పైలాగే | డంప్ అవుతుంది (ఎర్రర్‌తో ఆగిపోతుంది), లేదా తప్పు అంకె వస్తుంది |
| అబాప్ కలెక్ట్ | కీ (రోను, అంటే వరుసను గుర్తించే ఫీల్డులు), టైపు | రోలో అంకెల టైపుతో చేరితే కలుస్తుంది | కొంత సింటాక్స్ చెక్‌లోనే దొరుకుతుంది |
| జాబితా పెట్టి లూప్ | మీ జాబితా | జాబితాలో చేర్చాలి | మీరు రాసుకున్న తనిఖీని బట్టి |
| డేటాబేస్ క్వెరీలో సమ్, గ్రూప్ బై | క్వెరీ రాసినవాళ్లు | క్వెరీ మార్చాలి | పేరు తప్పయితే క్వెరీయే నడవదు |

## ఒక్కో లైను రాసుకోవడం

నాలుగు ఫీల్డులకు నాలుగు లైన్లు. అబాప్‌లో 7.54 నుంచి కూడి అక్కడే పెట్టే గుర్తు (ప్లస్, పక్కనే ఈక్వల్) కూడా వచ్చింది కాబట్టి లైన్లు ఇంకా పొట్టి అయ్యాయి. చదివేవాడికి ఏం కలుస్తోందో, ఏం కలవడం లేదో స్పష్టంగా తెలుస్తుంది. హమాలీ అని వెతికితే ఈ లైను దొరుకుతుంది. ధర కూడరాదని వేరే చెప్పాల్సిన పని లేదు, దానికి లైను రాయరు, అంతే.

దీని జబ్బు కాపీ పేస్ట్. ముప్పై లైన్లు వరసగా రాస్తూ పోతే ఎక్కడో ఒకచోట హమాలీ తీసుకెళ్లి బస్తాల్లో కలిపే లైను దూరుతుంది. ఇరవై ఫీల్డుల లోపైతే ఆ భయాన్ని రివ్యూలో పట్టుకోవచ్చు. అది దాటితే కళ్లు అలసిపోతాయి.

## కోబాల్ యాడ్ కరెస్పాండింగ్

1960లో తొలి రూపం వచ్చిన కోబాల్ ఇప్పటికీ బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్‌లో నడుస్తోంది. హైదరాబాద్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టుల్లో చేరే మన పిల్లలకు మొదట ఇచ్చే పని పాత కోడు చదవడం. అందులో ఈ స్టేట్‌మెంట్ ఎదురవుతుంది:

```
యాడ్ కరెస్పాండింగ్ రోజు-లెక్క టు నెల-లెక్క
    ఆన్ సైజ్ ఎర్రర్ పెర్ఫార్మ్ పొంగిన-లెక్క
ఎండ్-యాడ్
```

దీని రూల్స్ కాస్త నిదానంగా చదవాలి, ఎందుకంటే సగం చిక్కులు ‘కలవనివి’ అనే జాబితాలోనే ఉన్నాయి.

రెండు వైపులా అంకెల ఎలిమెంటరీ ఐటమ్ (లోపల ఇంకే ఫీల్డూ లేనిది) అయి ఉండి, పేరు ఒకటే అయితేనే కలుస్తుంది. లారీ నంబరు లాంటి అక్షరాల ఫీల్డును అది పట్టించుకోదు, తప్పుకుని పోతుంది. ఇది మంచి గుణం. ఫిల్లర్లను (పేరు లేని జాగాలను) వదిలేస్తుంది. గ్రూపు లోపల అక్కర్స్ పెట్టిన (టేబుల్‌లా చాలాసార్లు వచ్చే) ఐటమ్‌లను, రీడిఫైన్స్ ఉన్నవాటిని (అదే జాగాకు ఇంకో పేరు పెట్టినవాటిని) వదిలేస్తుంది. అంటే నెల రికార్డులో ‘వారం వారీ బస్తాలు’ అని అయిదు గడుల టేబుల్ పెట్టుకుంటే దాని జోలికి పోదు, పోలేదని మీకు చెప్పదు కూడా.

పేరు కలవడమంటే దారి కూడా కలవాలి. రోజు రికార్డులో హమాలీ నేరుగా ఉంది, నెల రికార్డులో ‘ఖర్చులు’ అనే చిన్న గ్రూపు కింద ఉంది అనుకోండి. పేరు ఒకటే, కానీ మధ్యలో ఖర్చులు అడ్డం వచ్చింది. కలవదు. ఎవరో రికార్డును చక్కగా సర్దుదామని మంచి మనసుతో ఒక గ్రూపు చేరుస్తారు. ఆ నెల నుంచి హమాలీ మొత్తం సున్నా. హమాలీల మేస్త్రీ వచ్చి అడిగేదాకా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఆన్ సైజ్ ఎర్రర్ తప్పకుండా పెట్టమంటాను, అయితే అది ఏం చేస్తుందో తెలిసి పెట్టాలి. పది జతల్లో ఒకటి పొంగితే ఆ ఒక్కటి పాత విలువతోనే ఉంటుంది, మిగతా తొమ్మిదీ కలిసిపోతాయి. అన్నీ అయ్యాక మీ ఎర్రర్ పేరా ఒకసారి నడుస్తుంది. ఏది పొంగిందో అది చెప్పదు. ‘ఎర్రర్ వచ్చింది కదా, ఫీల్డు పెంచి మళ్లీ నడుపుదాం’ అని అదే రికార్డును మళ్లీ పంపితే ఆ తొమ్మిదీ రెండోసారి కలుస్తాయి. నెల లెక్కను ముందే వేరే చోట దాచుకుని, ఎర్రర్ వస్తే దాన్నే వెనక్కి తెచ్చుకోవడం సురక్షితం.

సబ్‌ట్రాక్ట్‌కు కూడా కరెస్పాండింగ్ ఉంది, తిరిగి పంపిన బస్తాలు తీసేయడానికి పనికొస్తుంది. గుణకారానికీ భాగహారానికీ కోబాల్‌లో లేదు.

ఇవన్నీ చదివి ఈ స్టేట్‌మెంట్‌ను నేను కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. దాన్ని సరిగ్గా వాడే దారి ఒకటుంది, నాకు బాగా నచ్చింది కూడా. కూడదగిన ఫీల్డులన్నింటినీ ‘మొత్తాలు’ అనే ఒక చిన్న గ్రూపు కింద పెట్టండి. ఆ గ్రూపును ఒక కాపీబుక్‌లో (చాలాచోట్ల తెచ్చి వాడుకునే కోడు ఫైలులో) రాసి, రోజు రికార్డులోకీ నెల రికార్డులోకీ అదే కాపీబుక్ తెచ్చుకోండి. కూడేటప్పుడు పెద్ద రికార్డులను ముట్టుకోకుండా ఒకదాని ‘మొత్తాలు’ను ఇంకోదాని ‘మొత్తాలు’లో కలపండి. ధర, తేమ, తేదీ ఆ గ్రూపు బయటే ఉంటాయి కాబట్టి వాటికి గండం లేదు. కాపీబుక్‌లో కొత్త ఫీల్డు చేరిస్తే రెండు వైపులా ఒకేసారి చేరుతుంది, తనంతట తానే కలుస్తుంది. ఒక్క జాగ్రత్త: సైజు కూడా రెండు వైపులా ఒకటే అవుతుంది. రోజుకు నాలుగంకెల బస్తాలు చాలు కదా అని పెడితే నెల మధ్యలోనే పొంగుతుంది. ఆ కాపీబుక్‌ను ఏడాది మొత్తానికి సరిపడా రాసుకోండి.

## అబాప్ యాడ్-కరెస్పాండింగ్

శాప్ వాళ్ల అబాప్‌లోనూ ఇదే పేరుతో ఉంది, మధ్యలో అడ్డగీత తేడా. పైగా ఇక్కడ కూడిక, తీసివేతతో ఆగకుండా గుణకారం, భాగహారం కూడా ఇచ్చారు. ఒక రికార్డును ఇంకో రికార్డుతో పేరు పేరునా గుణించాల్సిన అవసరం ఎవరికి వస్తుందో నాకైతే ఊహకందలేదు.

కోబాల్‌తో అసలు తేడా వేరే చోట ఉంది. కోబాల్ అంకెల టైపు కాని వాటిని పక్కన పెడుతుంది. అబాప్ పేరు కలిస్తే చాలు, దాన్ని అంకెగా మార్చడానికి చూస్తుంది. అక్కడ మూడు రకాలుగా జరుగుతుంది.

లారీ నంబరు ‘టీజీ 05’తో మొదలవుతుంది. అది అంకెగా మారదు. ప్రోగ్రాం డంప్ అవుతుంది. ఇది మూడింట్లో మేలైనది, ఎందుకంటే వెంటనే తెలుస్తుంది.

కేంద్రం కోడు అంకెల అక్షరాల టైపులో ఉంది, విలువ 0517. అది చక్కగా అంకెగా మారుతుంది, కూడుతుంది, 1034 అవుతుంది. ఆ కోడుతో ఇంకో కేంద్రం నిజంగానే ఉంటే వీళ్ల లెక్క వాళ్ల ఖాతాలో పడుతుంది.

తేదీ మూడోది. అబాప్‌లో తేదీని లెక్కలో వాడితే ఒకటో సంవత్సరం జనవరి ఒకటి నుంచి ఎన్ని రోజులయ్యాయో ఆ సంఖ్యగా మారుతుంది. రెండు తేదీలు కూడితే ఆ రోజులన్నీ కలిసి మళ్లీ తేదీగా మారి నాలుగు వేల పైచిలుకు సంవత్సరంలో ఎక్కడో తేలుతుంది. డంప్ ఉండదు, వార్నింగ్ ఉండదు.

అందుకే ఈ స్టేట్‌మెంట్లను శాప్ వాళ్లు కాలం చెల్లినవిగా ప్రకటించారు. క్లాసుల లోపల రాస్తే కంపైలరే ఒప్పుకోదు. కొత్త కోడులో వాడే ప్రశ్నే లేదు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు పాత మెటీరియల్‌లో దీన్ని చూసి ‘షార్ట్‌కట్ దొరికింది’ అనుకోవద్దు. పాత రిపోర్టుల్లో కనిపిస్తే చదవడం రావాలి, అంతవరకే.

ఇంకో తికమక కూడా విడదీసుకోండి. మూవ్-కరెస్పాండింగ్, 7.40లో వచ్చిన కరెస్పాండింగ్ ఆపరేటర్, ఈ రెండింటికీ కాలం చెల్లలేదు, నిక్షేపంగా వాడుకోవచ్చు. అయితే అవి కాపీ చేస్తాయి, కూడవు. నెల మొత్తం మీద మూవ్-కరెస్పాండింగ్ చేస్తే నెల పోయి ఇవాళ్టిది మిగులుతుంది.

శాప్‌లో పేరు కలవడాన్ని అసలు నమ్మకూడని చోటు ఒకటి చెప్పాలి. జీతాల టేబుల్ పీఏ0008లో బీఈటీ01 నుంచి బీఈటీ40 దాకా సొమ్ము ఫీల్డులు ఉంటాయి. పక్కనే ఎల్‌జీఏ01 నుంచి ఎల్‌జీఏ40 దాకా అవి ఏ రకం సొమ్మో చెప్పే కోడులు. ఒక ఉద్యోగి రికార్డులో బీఈటీ01 మూల వేతనం కావచ్చు, బీఈటీ02 ఇంటి అద్దె భత్యం కావచ్చు. ఇంకొకరి రికార్డులో బీఈటీ02 ఇంకేదో. ఇద్దరి బీఈటీ02లు కూడితే వచ్చే అంకెకు అర్థమే లేదు. అర్థం పక్క ఫీల్డులో ఉంది, పేరులో లేదు. ఇలాంటి చోట ముందు వరుసలుగా విడగొట్టి, ఎల్‌జీఏ కోడు వారీగా కూడాలి. దానికి కింద చెప్పే కలెక్ట్ సరిగ్గా సరిపోతుంది.

## అబాప్ కలెక్ట్

ఇంటర్నల్ టేబుల్‌లోకి (ప్రోగ్రాం మెమరీలో ఉండే టేబుల్‌లోకి) ఒక రో పంపుతారు. అదే కీతో రో లేకపోతే చేరుస్తుంది, ఉంటే అంకెల ఫీల్డులను అందులో కలుపుతుంది. కీలో లేని ప్రతి ఫీల్డూ అంకెల టైపులోనే ఉండాలన్నది షరతు. స్టాండర్డ్ కీ అయితే అక్షరాల ఫీల్డులన్నీ వాటంతటవే కీలో చేరతాయి.

దీని గొప్పంతా ఈ కీలోనే ఉంది. కొలత యూనిట్‌ను కీలో పెడితే క్వింటాళ్లు క్వింటాళ్లతో, బస్తాలు బస్తాలతో కలుస్తాయి, రెండూ ఒకదాంట్లో పడవు. డబ్బుకు కరెన్సీ కోడు కూడా అంతే. కేంద్రం కోడును కీలో పెడితే అది కూడిక జోలికి రాదు. తేదీని కీలో పెడితే రోజు వారీ మొత్తం, తీసేస్తే నెల మొత్తం.

ధర సమస్య మాత్రం అలాగే ఉంటుంది. అది అంకెల టైపే కాబట్టి కలెక్ట్ దాన్నీ కలిపేస్తుంది. అందువల్ల ఇక్కడ కూడా కోబాల్‌లో చెప్పిన దారే: కీ ఫీల్డులు, కూడదగిన ఫీల్డులు తప్ప ఇంకేమీ లేని చిన్న రో టైపు ఒకటి తయారు చేసుకోండి. పెద్ద రికార్డు నుంచి కరెస్పాండింగ్ ఆపరేటర్‌తో దాంట్లోకి కాపీ చేసి, ఆ చిన్న రోను కలెక్ట్ చేయండి. రెండే లైన్లు, క్లాసుల్లో నడుస్తుంది, ధరకు అందులో చోటే లేదు. కొత్తగా అబాప్ రాసేవాళ్లకు నా మొదటి సలహా ఇదే. టేబుల్‌ను హ్యాష్డ్ టేబుల్‌గా డిక్లేర్ చేయండి, రోలు పెరిగినా కీ వెతకడం నెమ్మదించదు.

## జాబితా పెట్టి లూప్ తిప్పడం

ఫీల్డు పేర్ల జాబితా ఒక టేబుల్‌లో పెట్టుకుని, ఫీల్డ్ సింబల్‌తో (ఏ ఫీల్డునైనా చూపించగల తాత్కాలిక పేరుతో) ఒక్కొక్కటీ పట్టుకుని కూడడం. శాప్‌లో పాత జనరల్ లెడ్జర్ మొత్తాల టేబుల్ జీఎల్‌టీ0లో హెచ్‌ఎస్‌ఎల్01 నుంచి హెచ్‌ఎస్‌ఎల్16 దాకా పదహారు పీరియడ్ ఫీల్డులు ఉంటాయి, పక్కన ఇంకో కరెన్సీకి ఇంకో పదహారు. అలాంటివాటికి చేత్తో రాయడం అనవసర శ్రమ. ‘అంకెల టైపైతే కూడు’ అని మాత్రం రాయకండి, అలా రాస్తే మళ్లీ ధర దగ్గరికే వస్తాం. చిన్న పనికి ఇది అతి. డీబగ్గర్‌లో చదవడానికి చికాకు, ఎక్కడ వాడారని వెతికితే దొరకదు.

## డేటాబేస్‌తో కూడించడం

డేటా ఎలాగూ టేబుల్‌లోనే ఉంటే దాన్ని ప్రోగ్రాంలోకి తెచ్చి కూడడం ఎందుకు? సమ్, గ్రూప్ బై ఒక్క క్వెరీ. ఏది కూడాలో పేరు పెట్టి రాయాల్సిందే, కాబట్టి ధర పొరపాటున దూరదు. లక్షల లోడ్లున్నా వచ్చేది కేంద్రానికొక వరుస.

పైగా కూడరాని అంకెలకు సరైన జవాబు ఇక్కడే తేలిగ్గా వస్తుంది. 40 క్వింటాళ్లు 16 శాతం తేమతో, 10 క్వింటాళ్లు 17 శాతం తేమతో వచ్చాయి. ఊరికే సగటు తీస్తే 16.5. క్వింటాళ్లతో గుణించి కూడి, మొత్తం క్వింటాళ్లతో భాగిస్తే 16.2. తరుగు మీద మాట వచ్చినప్పుడు ఈ తేడాకు విలువ ఉంటుంది. రెండోదే సరైనది, దాన్ని ఏ కరెస్పాండింగ్ స్టేట్‌మెంటూ ఇవ్వలేదు.

నల్ (విలువే రాయని గడి) దగ్గర జాగ్రత్త. సమ్ నల్‌లను వదిలేసి మిగతావి కూడుతుంది. కానీ ఒకే వరుసలో సొమ్ముకు హమాలీ కలిపితే, హమాలీ నల్ అయితే జవాబు మొత్తం నల్. ఒక్క వరుస కూడా దొరకకపోతే సమ్ ఇచ్చేది సున్నా అనుకోకండి, అదీ నల్లే.

## బోనస్ వచ్చిన రోజు

ఇప్పుడు మొదట అన్న పరీక్ష పెడదాం. 2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. మన ప్రోగ్రాం అంతకుముందే రాసింది అనుకుందాం. రోజు రికార్డులో ఎవరో ‘బోనస్’ అనే ఫీల్డు చేర్చారు. 40 క్వింటాళ్ల లోడుకు 20,000.

నెల రికార్డులో చేర్చడం మరిచిపోతే కరెస్పాండింగ్‌కు జత దొరకదు, బోనస్ మొత్తం ఎక్కడా రాదు, మిగతా అన్నీ సరిగ్గానే ఉంటాయి. రెండు వైపులా చేర్చితే ప్రోగ్రాం ముట్టుకోకుండానే కలుస్తుంది (కోబాల్ అయితే మళ్లీ కంపైల్ చేయాలి). కరెస్పాండింగ్ అంటే ఇష్టపడేవాళ్లు చూపించేది ఈ ఒక్క సందర్భమే, ఆ మాట న్యాయమే. ఇంకో అవకాశం కూడా ఉంది. రోజు రికార్డులో ‘బోనస్’ అంటే క్వింటాకు 500 అనే రేటు, నెల రికార్డులో ‘బోనస్’ అంటే చెల్లించిన సొమ్ము. ఇద్దరు వేర్వేరు మనుషులు రాశారు, ఇద్దరికీ అదే పేరు తోచింది. అప్పుడు ఇరవై వేలకు బదులు అయిదు వందలు కలుస్తుంది. ఈ తప్పును పేరు చూసే ఏ పద్ధతీ పట్టుకోలేదు.

ఒక్కో లైను రాసుకున్నవాళ్లకూ బోనస్ దానంతట అది కలవదు. అయితే లైను రాయడానికి కూర్చున్నప్పుడు ఎడమవైపు ఏముంది, కుడివైపు ఏముంది అని ఒకసారి చూస్తారు. క్వెరీ రాసేవాళ్లదీ అదే పరిస్థితి. చిన్న ‘మొత్తాలు’ గ్రూపు పెట్టుకున్నవాళ్లు ‘ఇది కూడదగినదా’ అని తమను తాము అడగకుండా ఫీల్డును ఆ గ్రూపులో పెట్టలేరు. నేను దాని వైపు మొగ్గడానికి కారణం అదే.

## మీరెవరు అన్నదాన్ని బట్టి

మెయిన్‌ఫ్రేమ్ సపోర్టులో ఉన్నవాళ్లు. పాత యాడ్ కరెస్పాండింగ్ నడుస్తుంటే దాన్ని మార్చే ముందు ఆలోచించండి. ఏ జతలు కలుస్తున్నాయో కాగితం మీద రాసి ప్రోగ్రాం మొదట్లో కామెంటుగా పెడితే చాలాసార్లు అదే సరిపోతుంది. రికార్డు లేఅవుట్ మార్చే పని వచ్చినప్పుడు మాత్రం ఆ లేఅవుట్ వాడే ప్రోగ్రాంలన్నింట్లో కరెస్పాండింగ్ అని వెతకండి. ఫీల్డు పేరుతో వెతికితే ఇవి దొరకవు.

శాప్ కొత్తగా నేర్చుకునేవాళ్లు. చిన్న రో టైపు, కరెస్పాండింగ్ ఆపరేటర్, కలెక్ట్. డేటా టేబుల్‌లో ఉంటే అంతకంటే ముందు సమ్. ఇంటర్వ్యూలో ‘యాడ్-కరెస్పాండింగ్ ఎందుకు వద్దన్నారు’ అని అడిగితే ‘పాతదైపోయింది’ అనకుండా 0517 ఉదాహరణ చెప్పండి.

ఊళ్లోనే ఉండి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. మిర్యాలగూడ రైస్ మిల్లుకో, బాదేపల్లి మార్కెట్‌లో అడ్తిదారుకో, బత్తాయి తోటల వ్యాపారికో లెక్కల ప్రోగ్రాం రాసిపెట్టే కుర్రాళ్లు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామందే ఉన్నారు. వాళ్లు ఎక్కువగా పైథాన్ వాడుతున్నారు. అక్కడ కౌంటర్‌తో (పేరు వారీగా లెక్కలు దాచే టైపుతో) రెండు లెక్కలు ప్లస్ గుర్తు పెట్టి కూడితే సున్నా, మైనస్ వచ్చినవి జవాబులో మాయమవుతాయి. తిరిగి పంపిన బస్తాలు మైనస్‌లో ఉంటే ఆ వరుసే కనిపించదు. ప్లస్‌కు బదులు అప్‌డేట్ వాడితే అవి నిలుస్తాయి. పాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో రెండు టేబుళ్లు కూడితే పేరు ఒకవైపే ఉన్నచోట ఖాళీ విలువ వస్తుంది. యాడ్ పిలిచేటప్పుడు ఫిల్ వ్యాల్యూ సున్నా అని ఇస్తే ఆ ఖాళీ పోతుంది. నన్నడిగితే ఆ ఖాళీని ఉంచుకోవడమే నయం, ఏ పేరు కలవలేదో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. నాలుగైదు ఫీల్డుల వ్యాపారానికి అసలు ఇవేవీ అక్కర్లేదు, ఒక్కో లైను రాయండి.

కోబాల్ ఇంట్లో నేర్చుకుందామనుకునేవాళ్లు. గ్నూకోబాల్ అనే కంపైలర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. పైన చెప్పిన తేమ లెక్కను రెండంకెల ఫీల్డుతో రాసి, ఆన్ సైజ్ ఎర్రర్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి నడిపి చూడండి.

పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారుస్తున్నవాళ్లు. మీకు ఎక్కువ పని ఉంది. కొత్త కోడు రాసే ముందు పాత స్టేట్‌మెంట్ నిజంగా ఏ జతలు కలుపుతోందో పూర్తి జాబితా తీయండి, కూడరానివి కూడా కలుస్తుంటే వాటిని విడిగా గుర్తు పెట్టండి. తర్వాత ఒకే నెల డేటాను రెండు పద్ధతుల్లో నడిపి ఫీల్డు ఫీల్డుగా పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా మీ కోడే తప్పని అనుకోనక్కర్లేదు. ధర, తేమ ఫీల్డుల్లో తేడా వస్తే ఇన్నాళ్లూ పాతదే తప్పు రాస్తూ ఉండొచ్చు. అప్పుడు ఆ పాత అంకెను ఏ రిపోర్టు, ఏ ఆఫీసు వాడుకుంటోందో కనుక్కున్నాకే మార్పును ప్రొడక్షన్‌లోకి పంపండి.